కుంటికాళ్లతో రాజు బల్లయొద్ద
భక్తకవి విలియం కూపర్ జీవితము

ధ్యాన భాగము: 2 సమూయేలు 4:4, 9:1–13

మెఫీబోషెతు కథ మన సంఘములలో చాలమందికి తెలిసినదే. సౌలును యోనాతానును యుద్ధములో కూలిరను వార్త వచ్చిన దినమున అతనికి ఐదేండ్లు. దాది భయపడి బిడ్డను ఎత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో బిడ్డ క్రిందపడి రెండు కాళ్లు కుంటివాయెను. ఏండ్లు గడిచెను. బిడ్డ పెరిగి పెద్దవాడై, మీకా అను కుమారుని కని, లోదెబారులో ఒకరి యింట కాలము గడుపుచుండగా దావీదు రాజు అతనిని పిలిపించెను. ఆ పిలుపు కీడు చేయుటకు కాదు, యోనాతానును బట్టి ఉపకారము చేయుటకే. అయినను మెఫీబోషెతు సాగిలపడి తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. రాజు అతనికి మొదట చెప్పవలసివచ్చినది భయపడవద్దనియే.

కాళ్లకు తగిలిన దెబ్బ ఐదేండ్లనాడే అందరికి కనబడెను. లోపల తగిలిన దెబ్బ మాత్రము రాజు పిలిచిన దినమున గాని బయటపడలేదు.

అట్టి లోపలి దెబ్బతోనే అరువదియెనిమిది సంవత్సరములు బ్రదికి, క్రైస్తవ సంఘమునకు మరువరాని కీర్తనలు ఇచ్చి వెళ్లిన ఒక భక్తుని జీవితమును ఈ మాసము చదువరుల ముందుంచుచున్నాము. ఆయన ఇంగ్లండు దేశపు కవి విలియం కూపర్.

తల్లి లేని బాలుడు

కూపర్ 1731వ సంవత్సరము నవంబరు నెలలో హర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలోని బెర్క్‌హాంస్టెడ్ అను ఊర జన్మించెను. తండ్రి ఆ ఊరి సంఘ గురువు. తల్లి పేరు ఆన్. ఆమెకు పుట్టిన ఏడుగురు బిడ్డలలో ఇద్దరే బ్రదికిరి. వారిలో విలియం పెద్దవాడు. రాత్రివేళ తల్లి అతని గదికి వచ్చి, బిడ్డ చలిలేక వెచ్చగా పండుకొనెనో లేదో చూచి పోవుచుండెడిది. ఉదయమున బడికి పోవునప్పుడు తినుటకేదైన చేతిలో పెట్టి పంపెడిది. తోటమాలి రాబిన్ అతనిని చిన్న బండిలో కూర్చుండబెట్టి బడికి లాగుకొని పోవుచుండెను.

1737వ సంవత్సరము నవంబరులో ఆమె మరియొక కుమారుని కని, కొద్ది దినములకే కన్నుమూసెను. అప్పుడామెకు ముప్పదినాలుగేండ్లు, విలియంకు ఇంకను ఆరేండ్లు నిండుచుండెను. గుడిగంట మ్రోగుట అతడు వినెను. శవమును కొనిపోవు బండిని కిటికీలోనుండి చూచెను. ఇంటిలోని పనికత్తెలు బిడ్డ దుఃఖము చూడలేక, అమ్మ తిరిగి వచ్చునని చెప్పిరి. వారి మనస్సు మంచిదే. కాని బాలుడు ఆ మాట నమ్మెను. రేపు వచ్చునని కనిపెట్టెను, రేపు గడిచెను, మరునాడు వచ్చునని కనిపెట్టెను. ఆలాగు చాల దినములు ఎదురుచూచి, చివరకు ఎవరును చెప్పకయే, ఆమె ఇక రాదని తెలిసికొనెను.

ఒక చావును బిడ్డ తట్టుకొనవచ్చును. ప్రతి ఉదయము ఆశపడి ప్రతి సాయంకాలము మోసపోవుట ఆరేండ్ల బిడ్డకు మోయరాని బరువు. ప్రియమైనది ఏదైనను చెప్పకుండ పోవుననియు, నమ్మిన మాట నిలువదనియు ఆ లేత మనస్సు నేర్చుకొనెననుకొనవచ్చును.

జోళ్ల బకిల్సు

తల్లి పోయిన తరువాత తండ్రి అతనిని కొన్ని మైళ్ల దూరములోనున్న ఒక వసతి బడికి పంపెను. అక్కడ పదునైదేండ్ల బాలుడొకడు ఈ చిన్నవానిని తన క్రూరత్వమునకు గురిచేసికొనెను. దినదినము రహస్యముగా హింసించెను. కూపర్‌కు వాని ముఖము సరిగా తెలియదు. మోకాళ్లకు పైగా కన్నులెత్తి వానిని చూచుటకు ధైర్యము చాలక, వాని జోళ్లకున్న బకిల్సును బట్టియే వానిని గుర్తించుచుండెనని, పెద్దవాడైన తరువాత తానే వ్రాసియున్నాడు. చాలకాలమునకు సంగతి బయటపడి ఆ బాలుని బడినుండి వెళ్లగొట్టిరి. వీనిని కూడ అక్కడనుండి తీసివేసిరి. అయితే అప్పటికి జరుగవలసిన హాని జరిగెను.

ఈ చిన్న సంగతిని చదువరులు మనస్సులో ఉంచుకొనవలెను. కన్నులెత్తి చూడలేని ఆ బాలుడే ఇరువదియైదేండ్ల తరువాత లండనులో పెద్దల సభయెదుట నిలువవలసివచ్చెను.

పెద్దల సభ పిలుపు

తరువాత కూపర్ లండనులోని ప్రసిద్ధ వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చదివెను. లాటిను, గ్రీకు భాషలలో దిట్టయాయెను. క్రికెట్టు ఆటలో కూడ చేయి తిరిగినవాడాయెను. చూచువారికి పాత గాయము మానినట్లే కనబడెను. తండ్రి కోరిక ప్రకారము న్యాయశాస్త్రము చదివి 1754లో బారిష్టరు ఆయెను. కాని అంతకు ముందే, లండనులో ఒంటరిగా నివసింప మొదలుపెట్టిన దినములలో, కారణము తెలియని గాఢమైన విచారము ఒకమారు అతనిని పట్టుకొని కొన్ని నెలలు వదలలేదు. తన పినతండ్రి కుమార్తె థియొడోరాను వివాహమాడగోరెను గాని ఆమె తండ్రి ఒప్పుకొనలేదు. 1756లో తండ్రియు మరణించెను.

1763లో, ముప్పదిరెండేండ్ల వయస్సు కావచ్చినప్పుడు, బంధువొకరు ఆయనకు మంచి ఉద్యోగమొకటి చూపించెను. అది ఇంగ్లండు ప్రభువుల సభలో చర్యల పుస్తకములను భద్రపరచు గుమాస్తా పని. అందరు సంతోషించిరి. అయితే ఆ పదవిని గూర్చి పోటీ ఏర్పడి, అభ్యర్థి సభయెదుట నిలిచి ప్రశ్నలకు జవాబులియ్యవలెనని నిర్ణయమాయెను.

మరియొకడైతే కొన్ని దినములు చదువుకొని వెళ్లియుండును. కూపర్‌కు అది మరణదండనవలె తోచెను. నెలల తరబడి ఆ కార్యాలయమునకు పోయి పుస్తకములు తెరచెను గాని అక్షరము తలకెక్కలేదు. నిద్ర పోయెను, ఆకలి పోయెను. దినము సమీపించిన కొలది, మతి చలించినయెడల ఈ పరీక్ష తప్పునుగదా అని కోరుకొను స్థితికి వచ్చెను. తుదకు తన ప్రాణమును తానే తీసికొనవలెనని పలుమారులు యత్నించెను. ప్రతి మారును ఏదో ఒకటి అడ్డమాయెను. బంధువు సంగతి తెలిసికొని ఆ పదవిని వెనుకకు తీసికొనెను.

సభలోని పెద్దలు ఆయనకు శత్రువులు కారు. పరీక్షయు గొప్పది కాదు. కాని శరీరమునకు ఆ లెక్క తెలియదు. అధికారముగల ఒకని ముందు నిలువవలెననగానే, ఆరేడేండ్ల బాలుడు తిరిగి లేచి తల వంచుకొనెను. భయము ముప్పదిరెండేండ్లవానికి వచ్చెను. దానికి జవాబిచ్చినవాడు మాత్రము ఆ బాలుడే.

బల్లమీద దొరికిన గ్రంథము

1763 డిసెంబరులో ఆయనను సెయింట్ ఆల్బన్స్ పట్టణములో నెథానియేల్ కాటన్ అను వైద్యుడు మతి చలించినవారికై నడుపుచుండిన గృహమునకు తీసికొనిపోయిరి. లండనులోని బెత్లెహేము అను ఆసుపత్రికి జనులు రోగులను వేడుక చూచుటకు పోవుచుండిన కాలమది. కాటన్ గారు ఆలాటివారు కారు. ఆయన దైవభక్తుడు, కవిత వ్రాయువాడు, మెత్తని మాట గలవాడు. రోగితో కూర్చుండి మాటలాడి, అతడు చెప్పినది వినెను. కొన్ని నెలలు గడిచెను. 1764వ సంవత్సరము వేసవిలో ఒకదినము తోటలోని బల్లమీద పరిశుద్ధ గ్రంథమొకటి కూపర్ కంటబడెను. తెరువగా లాజరును ప్రభువు లేపిన అధ్యాయము వచ్చెను. మరి కొన్ని దినములకు రోమా పత్రిక మూడవ అధ్యాయము ఇరువదియైదవ వచనము చదువుచుండగా, క్రీస్తు రక్తము తనకొరకును చిందింపబడెనను నమ్మిక ఆయనలో పుట్టెను. సంతోషముచేత మాట రాక కన్నీరు కార్చెను.

1765లో ఆ గృహము విడిచి, తమ్ముడు జాన్ ఉన్న కేంబ్రిడ్జికి దాపున హంటింగ్‌డన్ అను ఊర బస చేసెను. అక్కడ మార్లీ అన్విన్ అను గురువుయొక్క కుటుంబము ఆయనను తమ యింట చేర్చుకొనెను. ఆ ఇంటి ఇల్లాలు మేరీ అన్విన్ కూపర్ కంటె ఏడెనిమిదేండ్లే పెద్దది. అయినను ఆయన ఆమెను తల్లివలె ఎంచెను. 1767లో అన్విన్ గారు గుర్రముమీదనుండి పడి మరణించిన తరువాత కూడ ఆమె ఆయనను విడువలేదు. ఆ యేడే వారు ఓల్నీ అను ఊరికి వెళ్లిరి. అక్కడి గురువు జాన్ న్యూటన్.

తల్లిలేనివారిద్దరు

న్యూటన్ గారి సంగతి ఇక్కడ కొంచెము చెప్పవలెను. ఆయన తల్లియు 1732లో, ఆయనకు ఏడవయేడు నిండకముందే, క్షయరోగముచేత మరణించెను. పదునొకండవ యేటనే తండ్రి ఆయనను ఓడ ఎక్కించెను. అటుతరువాత నావికాదళములో కొరడాదెబ్బలు తినెను. ఆఫ్రికా తీరమున ఆకలితో అలమటించెను. కూపర్ లోపల వణకినవాడు. న్యూటన్ పైకి రాయివలె గట్టిపడినవాడు. 1748లో నడిసముద్రమున తుపానులో దేవునికి మొఱ్ఱపెట్టిన తరువాత కూడ 1754 వరకు బానిసలను అమ్ము ఓడలలో పనిచేయగలిగెనంటే, ఆ గట్టిదనము ఎంతటిదో ఊహింపవచ్చును. చిన్ననాటి దెబ్బ అందరిని ఒకేరీతిగా మార్చదు. ఒకడు ఆకు కదలినను అదరిపడును. మరియొకడు ఎదుటివాని ఏడ్పునకైనను కరగనివాడగును. న్యూటన్ హృదయము నెమ్మదిగా కరగెను. 1788లో తాను చేసిన వ్యాపారపు ఘోరములను బయలుపరచుచు పుస్తకము ప్రకటించెను. అదే సంవత్సరము కూపర్ కూడ బానిసల పక్షముగా పద్యములు వ్రాసెను.

ఈ ఇద్దరు ఓల్నీలో పన్నెండేండ్లు కలిసి నడిచిరి. ఆ ఊరి జనులు లేసు అల్లుకొని బ్రదుకు బీదలు. కూపర్ న్యూటన్‌తో కూడ వారి ఇండ్లకు పోయి రోగులను చూచెను, ప్రార్థనకూటములలో ప్రార్థించెను. కూటములకొరకు ఇద్దరు కలిసి కీర్తనలు వ్రాసిరి. 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనల పుస్తకములో మూడువందలకు మించిన కీర్తనలు గలవు. అందులో అరువదికి పైగా కూపర్‌వి. జెకర్యా గ్రంథము పదుమూడవ అధ్యాయములోని ఊటను గూర్చిన కీర్తనయు, దేవుని మార్గములు మానవుల బుద్ధికి అందనివని చెప్పు కీర్తనయు ఆయనవే.

జనవరి నెల

నేడు లోకమంతట పాడబడుచున్న కృపను గూర్చిన కీర్తనను న్యూటన్ 1773 జనవరి 1వ తేదీ ఆరాధనకై సిద్ధపరచెను. అదే నెలలో కూపర్ తిరిగి కూలిపోయెను. ఫిబ్రవరిలో ఒక రాత్రి భయంకరమైన కల వచ్చెను. దేవుడు తనను శాశ్వతముగా విసర్జించెనని ఆ కలలో విన్నట్లు ఆయన నమ్మెను. ఆ నమ్మకము జీవితాంతము వరకు పూర్తిగా తొలగలేదు. అప్పటినుండి గుడికి పోలేదు. తనకు ప్రార్థించు హక్కు లేదనుకొనెను. అయినను ఇతరులు దేవుని నమ్మవద్దని ఒకనాడును చెప్పలేదు. కృప అందరికిని కలదనియు, తనకొక్కనికే లేదనియు తలంచెను. ఆ మీదట ప్రతి సంవత్సరము జనవరి వచ్చుచున్నదనగానే ఆయనకు భయము పట్టుకొనెడిది. 1787 జనవరిలో మరల వ్యాధి తిరుగబెట్టెను.

ఇట్టివానితో సంఘము ఏమి చేయవలెను? న్యూటన్ చేసినది చూడుడి. 1773 వసంతములో కూపర్ గురువుగారి యింటికి వచ్చి, ఇక అక్కడనుండి కదలననెను. న్యూటన్ దంపతులు ఏడాదికి పైగా ఆయనను తమ యింటనే ఉంచుకొనిరి. మేరీ అన్విన్ రేయింబగళ్లు కాచెను. విశ్వాసము లేదని ఎవరును గద్దించి వెళ్లగొట్టలేదు. న్యూటన్ ఆయనను విసుగుకొన్న గడియలు కూడ ఉండవచ్చును. అయినను తలుపు మూయలేదు.

కుందేళ్లు, దోసకాయలు

1774లో పొరుగువారు ఒక కుందేలుపిల్లను తెచ్చి ఇచ్చిరి. పిల్లల చేతులలో నలిగి చావనున్న ఆ ప్రాణిని చూచి కూపర్ దానిని పెంచ మొదలుపెట్టెను. అది మూడు కుందేళ్లాయెను. వాటికి పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టెను. పస్‌కు జబ్బు చేసినప్పుడు తానే సేవచేసి బ్రదికించెను. అది ఇంచుమించు పన్నెండేండ్లు బ్రదికెను. వాటికొరకు వడ్రంగము నేర్చుకొని గూళ్లు చేసెను. తోటలో దోసకాయలు కాయించెను. చలికి మొక్కలు చావకుండ గాజుపలకలతో చిన్న యిల్లు కట్టించెను. ఇవి వ్యర్థమైన పనులని ఎవరైన నవ్వవచ్చును. కాని భయపడిన జీవిని నిమురుచున్నంతసేపు ఆయన భయమే నెమ్మదించెడిది.

తరువాత, వ్రాయుము, ఖాళీగా కూర్చుండవద్దని మేరీ అన్విన్ ప్రోత్సహించెను. యాబదియేండ్లు నిండిన తరువాతనే, 1782లో, ఆయన మొదటి పద్యసంపుటి వెలువడెను. గుఱ్ఱము అదుపు తప్పి పరుగెత్తిన జాన్ గిల్పిన్ కథను వ్రాసి దేశమునంతటిని నవ్వించినవాడు, ఆ దినములలో తాను నవ్వులేక అలమటించుచుండినవాడే. 1785లో వచ్చిన ‘ది టాస్క్’ అను పెద్ద కావ్యముచేత ఇంగ్లండులోని గొప్ప కవులలో ఒకడుగా ఎంచబడెను. పొలములు, పశువులు, బీదల గుడిసెలు, బానిసల దుఃఖము ఆ కావ్యములో చోటు చేసికొనినవి.

తల్లి చిత్రము

1790లో బంధువురాలొకతె ఆయన తల్లి చిత్తరువును పంపెను. తల్లి పోయి యాబదిరెండేండ్లు దాటెను. ఆయన దానిని ముద్దుపెట్టుకొని, రాత్రి చివరిగా చూచునదియు ఉదయమున మొదట చూచునదియు అదియే కావలెనని మంచము ప్రక్కన వ్రేలాడదీసెను. దానిని గూర్చి వ్రాసిన పద్యములోనే గంట మ్రోగుటయు, పనికత్తెల మాటయు, రేపటికై ఎదురుచూచుటయు మనకు తెలియవచ్చినవి. దుఃఖమును అరువదియేండ్ల సమీపమున గాని ఆయన పూర్తిగా నోరు తెరచి చెప్పలేకపోయెను.

ఆ తరువాత మేరీ అన్విన్‌కు పక్షవాతము వచ్చెను. ఇంతకాలము తన్ను కాచినదానిని ఇప్పుడు ఆయన కాచెను. 1796లో ఆమెయు పోయెను. రెండవమారు తల్లిలేనివాడైన కూపర్ ఇక తేరుకొనలేదు. 1800వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన ఈస్ట్ డీరం అను ఊర కన్నుమూసెను. చనిపోయిన తరువాత ఆయన ముఖములో నెమ్మదియు, పవిత్రమైన ఆశ్చర్యము వంటిదియు కనబడినదని ప్రక్కనుండి సేవచేసిన బంధువు వ్రాసి ఉంచెను.

నేడు తెలిసినది

రెండువందల యేండ్ల క్రిందట పోయినవాని వ్యాధిని ఇదియని మనము తేల్చి చెప్పలేము. పుట్టుకతో వచ్చిన స్వభావమును కారణములలో ఒకటి కావచ్చును. అయితే నేటి వైద్యులు కనిపెట్టిన కొన్ని సంగతులు ఈ జీవితమును గ్రహించుటకు తోడ్పడును.

అపాయము కలిగినప్పుడు మన మూత్రపిండములమీదనున్న చిన్న గ్రంథులు కొన్ని రసములను రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును. ఇది దేవుడు మన రక్షణకై పెట్టిన కావలి. బిడ్డ భయపడినప్పుడు పెద్దవారొకరు ఎత్తుకొని ఓదార్చినయెడల కావలి తిరిగి శాంతించును. ఓదార్చువారు లేక మాటిమాటికి భయపడిన బిడ్డలో ఆ కావలి చెడును. చిన్నప్పుడు కొట్టబడిన కుక్క పెద్దదైన తరువాత కఱ్ఱ ఎత్తకున్నను, చేయి చాచినంతనే వణకును గదా? ఆలాగే. 1990లలో అమెరికాలోని శాన్‌డియేగోలో పదునేడువేలమందికి పైగా పెద్దవారిని విచారింపగా, చిన్ననాడు అనుభవించిన బాధలు ఎక్కువైన కొలది పెద్దతనములో విచారరోగము, త్రాగుడు, ఆత్మహత్యాయత్నములు, గుండెజబ్బు సహితము ఎక్కువైనట్లు తేలెను.

మరియొక వార్త కూడ గలదు, అది ఆదరణగలది. హవాయి ద్వీపములలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను పెద్దవారగువరకు పరిశీలించిరి. మిక్కిలి కష్టములలో పెరిగినవారిలో సుమారు మూడవవంతు మంది చక్కగా స్థిరపడిరి. వారిలో చాలమందికి చిన్నతనమున నమ్మదగిన పెద్దమనిషి ఒకరైనను తోడుండిరి: అవ్వయో, ఉపాధ్యాయుడో, పొరుగువారో, సంఘములోని వారో.

మన సంఘములకు

కూపర్ కథలో మనకు పనికివచ్చునవి చిన్న చిన్న సంగతులే. తల్లి గాని తండ్రి గాని పోయిన బిడ్డకు ఊరికి పోయిరి, వచ్చెదరు అని చెప్పవద్దు. నిజమును మెల్లగా చెప్పి, బిడ్డను దగ్గరకు తీసికొని, ఏడ్వనిండు. బడిలోగాని హాస్టలులోగాని చేర్చిన పిల్లవాడు సెలవులకు వచ్చి తల వంచుకొని తిరుగుచున్నయెడల, పొగరనుకొనక, ఎవరి కాళ్లవైపు చూచి నడుచుకొనుచున్నాడో విచారింపవలెను. సాక్ష్యము చెప్పుమని నిలువబెట్టగా నోట మాట రాని స్త్రీని, చిన్న గద్దింపునకే మండిపడు పురుషుని, విశ్వాసము లేనివారని తీర్పు తీర్చకముందు, వారికి ఆరేండ్లప్పుడు ఏమి జరిగెనో ఒక్కమారు తలంచవలెను. బ్రదుకు వద్దనువానిని ఒంటరిగా విడువరాదు; వైద్యునియొద్దకు తీసికొనిపోవుట అవిశ్వాసము కాదు. కాటన్ గారి వైద్యము, పరిశుద్ధ గ్రంథము ఒకే తోటలో కూపర్‌కు దొరికెను. బదరీవృక్షము క్రింద చావుకోరిన ఏలీయాకు దేవుడు మొదట పంపినది గద్దింపు కాదు, నిద్రయు రొట్టెయు నీళ్లును.

కూపర్ స్వస్థపడి సంతోషముగా పోయెనని చెప్పగలిగినయెడల మన మనస్సుకు ఇంపుగా ఉండును. కాని ఆయన కుంటుచునే నడిచెను. 2 సమూయేలు తొమ్మిదవ అధ్యాయపు చివరి వచనమును మరల చదువుడి. మెఫీబోషెతు నిత్యము రాజు బల్లయొద్ద భుజించెననియు, అతని కాళ్లు రెండును కుంటివనియు ఒకే వచనములో వ్రాయబడియున్నది. కాళ్లు బాగుపడిన తరువాత రమ్మని రాజు చెప్పలేదు. ఆ కాళ్లతోనే పిలిచెను. బల్ల క్రింద అవి ఎవరికిని కనబడలేదు. తనకు చోటు లేదని తలంచుచునే కూపర్ వ్రాసిన కీర్తనలు రెండువందల యేండ్లుగా ఎందరినో ఆ బల్లయొద్దకు నడిపించుచున్నవి. మన సంఘములో కుంటుచు వచ్చువానికి ప్రక్కకు జరిగి చోటిచ్చుట మన వంతు.